పాత పెట్రోల్ కారు పొల్యూషన్ టెస్టులో ఫెయిల్: ఐడిల్‌లో సీఓ 1.2, నిజంగా కన్వర్టరేనా?

పాతచక్రం

అందరికీ నమస్కారం. బండి 4 సిలిండర్ల 1.3 లీటర్ పెట్రోల్. మల్టీపాయింట్ ఇంజెక్షన్, ట్యాంకుకు రిటర్న్ పైపు ఉన్న పాతరకం ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే పైపు), మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఒత్తిడి కొలిచేది). ఎగ్జాస్ట్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి. 1,60,000 కి.మీ. దాటింది. టెస్టు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు (ఐడిల్ అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా; సీఓ కార్బన్ మోనాక్సైడ్, హెచ్‌సీ కాలని పెట్రోలు; లాంబ్డా గాలి, పెట్రోలు లెక్క, 1 అంటే సరిగ్గా సరిపోయింది, తక్కువైతే పెట్రోలు ఎక్కువ):

ఐడిల్, 800 ఆర్‌పీఎం: సీఓ 1.2%, హెచ్‌సీ 280 పీపీఎం, సీఓ2 14.0%, ఓ2 0.2%, లాంబ్డా 0.964
హై ఐడిల్, 2500 ఆర్‌పీఎం: సీఓ 0.2%, హెచ్‌సీ 60 పీపీఎం, సీఓ2 15.0%, ఓ2 0.2%, లాంబ్డా 1.001

ఈ బండికి పరిమితి ఐడిల్‌లో సీఓ 0.5, హై ఐడిల్‌లో సీఓ 0.3, హెచ్‌సీ 200, లాంబ్డా 0.97 నుంచి 1.03. అంటే పోయింది ఐడిల్ దగ్గరే. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. మైలేజీ కొంచెం తగ్గింది. "కన్వర్టర్ పోయింది, మార్చేయండి" అని ఎవరినడిగినా ఒకటే మాట. మార్చాలా?

లాంబ్డా_ఒకటి

వద్దు. ఆ కాగితమే కన్వర్టర్ తరఫున సాక్ష్యం చెబుతోంది.

కన్వర్టర్ పని సీఓనీ హెచ్‌సీనీ ఆక్సిజన్‌తో కాల్చెయ్యడం. కాల్చాలంటే ఆక్సిజన్ ఉండాలి కదా. ఐడిల్‌లో మీకు మిగిలిన ఓ2 0.2. ఒక పాలు ఆక్సిజన్ రెండు పాళ్ల సీఓను కాలుస్తుంది. అంటే ఉన్నదంతా వాడుకున్నా 0.4 సీఓ తగ్గుతుంది, 0.8 అలాగే ఉంటుంది. కొత్త కన్వర్టర్ పెట్టినా ఫెయిలే. లాంబ్డా 0.964 అంటే గాలికి సరిపోయే దానికన్నా దాదాపు 4% పెట్రోలు ఎక్కువ పడుతోంది. కొన్నాళ్లకు ఆ అదనపు పెట్రోలు కొత్త కన్వర్టర్‌నీ పాడుచేస్తుంది.

ఇప్పుడు 2500 చూడండి. మిక్చర్ 1.001కి రాగానే సీఓ 0.2, హెచ్‌సీ 60. అదే కన్వర్టర్ అక్కడ పని చేస్తోంది.

కన్వర్టర్‌ను అనుమానించాల్సిన రీడింగు వేరుగా ఉంటుంది. లాంబ్డా 0.99, 1.01 మధ్య ఉండి, ఓ2 0.5 పైన ఉండి, బాగా వేడెక్కాక కూడా సీఓ 0.3 పైనే ఉంటే అప్పుడు దాని సంగతి చూడాలి. ఇంధనమూ ఆక్సిజనూ రెండూ ఉన్నా కాల్చలేకపోతోందన్న మాట.

కాగితం చదివే పద్ధతి ఒకటి చెబుతాను, మిగతావాళ్లకూ పనికొస్తుంది:
సీఓ ఎక్కువ, ఓ2 తక్కువ: మిక్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ).
హెచ్‌సీ ఎక్కువ, ఓ2 ఎక్కువ, సీఓ మామూలు: మిస్సింగ్ (సిలిండర్‌లో మంట తప్పడం), లేదా మిక్చర్ మరీ లీన్ (పెట్రోలు తక్కువ).
హెచ్‌సీ, సీఓ రెండూ ఎక్కువ: రిచ్ మిక్చర్‌కు ప్లగ్గులు నల్లబడి మొదలైన మిస్సింగ్ తోడైంది.
సీఓ2 బాగా తక్కువ, ఓ2 2–3 పైన: ముందు సైలెన్సర్ లీకులు, ప్రోబు (సైలెన్సర్‌లో పెట్టే మెషిన్ గొట్టం) ఎంత లోపలికి పెట్టారో చూడండి. బయటి గాలి కలిసిన రీడింగు మీద ఏ నిర్ణయమూ చెయ్యకూడదు.

స్పానర్_14

చాలామంది అసలు రిపేరే అక్కర్లేని బండితో ఫెయిలై వస్తారు. కారణం వేడి. కన్వర్టర్ సుమారు 250–300 డిగ్రీల దగ్గర గానీ పని అందుకోదు. ఇంటి నుంచి రెండు కి.మీ. నడిపి, అరగంట లైన్లో ఆపి, చల్లారిన బండిని టెస్టుకు పెడితే మంచి బండి కూడా తప్పుతుంది. కనీసం 20 నిమిషాలు, వీలైతే కొంతసేపు 3000 ఆర్‌పీఎం మీద నడిపి వెళ్లండి. లైన్లో ఉన్నప్పుడు ఇంజిన్ ఆపొద్దు. ప్రోబు పెట్టే ముందు 2500 దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టి ఉంచమని అడగండి. ఏసీ, లైట్లు, వెనక అద్దం హీటరు ఆపెయ్యండి. ఇంట్లో వేడెక్కిస్తే తలుపులు మూసిన షెడ్డులో మాత్రం వద్దు. సీఓ వాసన రాదు, మనిషిని పడేస్తుంది.

పాతచక్రం గారి రీడింగు మాత్రం వేడి ఒక్కదానితో తీరేది కాదు. లాంబ్డాను కన్వర్టర్ మార్చదు, ఇంజిన్ పంపిన మిక్చరే అది.

మల్టీమీటర్

పాతచక్రం గారూ, ఏ సామానూ కొనకముందు ఇవి రాయండి. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటరు రీడింగులు చదివేది) ఉంటే పది నిమిషాల పని. బండి పూర్తిగా వేడెక్కాక, ఐడిల్‌లో ఒకసారి, 2500లో ఒకసారి:

1. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోంది, తగ్గిస్తోంది)
2. కూలెంట్ టెంపరేచర్
3. మ్యాప్ సెన్సర్ రీడింగు
4. ముందు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ ఊగుతోందా, ఒకచోట నిలబడిందా
5. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏ సిలిండర్‌ది ఏ రంగులో ఉందో వరసగా

ఐదోది స్కానర్ చెప్పదు. అందుకే చాలామంది దాటేస్తారు.

పాతచక్రం

ఐడిల్: లాంగ్ -20, షార్ట్ -10, రెండూ అక్కడే అతుక్కుపోయాయి. కూలెంట్ 68 డిగ్రీలు, అరగంట నడిపినా అంతే. మ్యాప్ 33 కిలోపాస్కల్. ముందు సెన్సర్ 0.80–0.85 వోల్టులు, కిందికి దిగడం లేదు.
2500: లాంగ్ -7, షార్ట్ -2 నుంచి +2 మధ్య. సెన్సర్ 0.1, 0.9 మధ్య చురుగ్గా ఊగుతోంది.
ప్లగ్గులు: 1 బాగా నల్లగా, పొడి మసి. 2 కూడా నలుపే, కాస్త తక్కువ. 3, 4 గోధుమ రంగు.

మల్టీమీటర్

సగం కేసు తేలిపోయింది.

ట్రిమ్ మైనస్ అంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) పెట్రోలు కోస్తోందని. ఐడిల్‌లో కోయగలిగినంతా కోసి అంచుకు వచ్చేసింది, అయినా సెన్సర్ రిచ్ అనే చెబుతోంది. అంటే సెన్సర్, ఈసీయూ రెండూ వాటి పని చేస్తున్నాయి. ఈసీయూ చేతిలో లేని దారిలో పెట్రోలు ఇంజిన్‌లోకి చేరుతోంది.

ఇక -20, -7 తేడా చూడండి. ఇంజెక్టర్లన్నీ ఎక్కువ పోస్తుంటే, లేదా రైలులో ప్రెజర్ ఎక్కువైతే, ట్రిమ్ అన్ని స్పీడుల్లోనూ దాదాపు ఒకేలా మైనస్ ఉండాలి. ఇక్కడ స్పీడు పెరిగితే తప్పు చిన్నదైపోతోంది. కారుతున్నది ఎప్పుడూ ఒకే మోతాదు అయితేనే ఇలా కనిపిస్తుంది. ఐడిల్‌లో ఇంజిన్ తాగేదే చుక్కలు, అందులో ఇంకో చుక్క పడితే పెద్ద వాటా. 2500లో అదే చుక్క లెక్కలోకి రాదు.

మ్యాప్ 33 కాబట్టి ఆ సెన్సర్ మీద అనుమానం తీరింది. వేడెక్కిన మంచి ఇంజిన్‌కు ఐడిల్‌లో 30–35 మామూలు. ఆ సెన్సర్ ట్యూబు చీలి ఉంటే 50 పైన చూపించేది, లోడు ఎక్కువుందనుకుని ఈసీయూ పెట్రోలు పోసేది.

మిగిలిన అనుమానితులు నాలుగు: పర్జ్ వాల్వ్ (ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది), పీసీవీ దారి (ఇంజిన్ ఆయిల్ గది ఆవిరిని లోపలికి లాగేది), ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్ (రైలులో ప్రెజర్ అదుపు చేసేది), కారే ఇంజెక్టర్. కూలెంట్ 68 వేరే కథ, దానికి విడిగా వస్తాను.

లాంబ్డా_ఒకటి

ప్లగ్గుల రంగే నాకు నచ్చింది. ఇంజెక్టర్ కారితే ఒక్క సిలిండర్ నల్లబడుతుంది. పీసీవీ, పర్జ్ ఆవిరి సాధారణంగా త్రాటిల్ వెనకాలే కలుస్తుంది కాబట్టి నాలుగూ దాదాపు సమంగా నల్లబడతాయి. 1 ఎక్కువ, 2 తక్కువ, 3, 4 శుభ్రం అంటే మానిఫోల్డుకు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుంపు) ఒక చివర నుంచి పెట్రోలు దిగుతోంది. రెగ్యులేటర్ వాక్యూమ్ ట్యూబు మానిఫోల్డులో ఎక్కడ దూరుతోందో చూడండి. 1వ సిలిండర్ వైపైతే నా పందెం దాని మీదే.

మల్టీమీటర్

పందెం సరే, కాయడానికి ముందు వరసగా తేల్చుకుందాం. సులువైనవి ముందు.

పర్జ్ వాల్వ్: మానిఫోల్డుకు వచ్చే పర్జ్ ట్యూబు ఊడదీసి, మానిఫోల్డు వైపు రబ్బరు మూత పెట్టండి. షార్ట్ ట్రిమ్ చూస్తూ రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. -10 నుంచి పైకి పరిగెడితే వాల్వ్ తెరిచి ఉండిపోయినట్టు. కరెంటు లేనప్పుడు ఈ వాల్వ్ మూసి ఉండాలి. ట్యాంకు మూతి దాకా పెట్రోలు నింపే అలవాటుంటే క్యానిస్టర్ (ట్యాంకు ఆవిరిని పట్టే డబ్బా) పెట్రోలుతో తడిసిపోయి ఇదే లక్షణం చూపిస్తుంది.

పీసీవీ: ట్యాపెట్ కవరు నుంచి వచ్చే గొట్టం తీసి, మానిఫోల్డు వైపు మూసి, మళ్లీ ట్రిమ్ చూడండి. తేడా గట్టిగా వస్తే ఆయిల్‌లో పెట్రోలు కలిసింది. డిప్‌స్టిక్ వాసన చూడండి, ఆయిల్ మట్టం గీత దాటిందేమో చూడండి. గొట్టం తీశాక మానిఫోల్డు వైపు మూయకపోతే అదనపు గాలి దూరి ట్రిమ్ ఎలాగూ మారుతుంది, ఆ పరీక్షకు అర్థం ఉండదు.

రెగ్యులేటర్: ఇంజిన్ ఐడిల్‌లో ఐదు నిమిషాలు తిరిగాక ఆపండి. వెంటనే రెగ్యులేటర్ మీది సన్నని వాక్యూమ్ ట్యూబు లాగి, కొసను తెల్ల కాగితం మీద తట్టండి. పొడిగా ఉండాలి. తడి మచ్చ పడి, పెట్రోలు వాసన కొట్టి, ఆరిపోతే లోపల డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగింది. అనుమానం మిగిలితే ట్యూబు ఊడదీసే ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా కీ రెండు మూడుసార్లు ఆన్ చెయ్యండి. పంపు తిరిగినప్పుడల్లా రెగ్యులేటర్ ముక్కు దగ్గర పెట్రోలు ఊరుతుంది, కింద గుడ్డ పట్టండి. ట్యూబు తీసి ఉంచి ఇంజిన్ మాత్రం నడపకండి. చిరిగిన డయాఫ్రం నుంచి పెట్రోలు వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డు మీదికి కారుతుంది, ఆర్పే సిలిండర్ పక్కన ఉన్నా ఆ సరదా వద్దు.

ఇంజెక్టర్లు: ప్రెజర్ గేజి కావాలి. ఇలాంటి రైలులో ఐడిల్‌లో సుమారు 2.5 బార్, వాక్యూమ్ లేనప్పుడు సుమారు 3.0 బార్ ఉంటుంది. మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసుకోండి. ఇంజిన్ ఆపాక ప్రెజర్ నిలవాలి. గబగబా పడిపోతుంటే, మళ్లీ ప్రెజర్ ఎక్కించి రిటర్న్ రబ్బరు గొట్టం క్లాంపుతో నొక్కండి. అప్పుడు నిలిస్తే తప్పు రెగ్యులేటర్‌ది. నిలవకపోతే ఈసారి పంపు నుంచి వచ్చే గొట్టం నొక్కండి, నిలిస్తే పంపులోని చెక్ వాల్వ్. రెగ్యులేటర్ ట్యూబు పొడిగా ఉండి, రెండూ నొక్కినా పడిపోతుంటే ఇంజెక్టర్లు కారుతున్నాయి. నొక్కేది రబ్బరు గొట్టాన్నే. ప్లాస్టిక్ పైపు నొక్కితే పగులుతుంది.

స్పానర్_14

రైలు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ తిప్పండి. దానంతటదే ఆగిపోయేదాకా తిరగనిచ్చి, ఇంకోసారి క్రాంక్ చెయ్యండి. అయినా పైపు కీలు మీద గుడ్డ కప్పే విప్పాలి, లోపల కొంత ఉంటుంది. బ్యాటరీ మైనస్ తీసి ఉంచితే నిప్పురవ్వ భయం తగ్గుతుంది.

కార్బ్యురేటర్_తాత

ఇంజెక్షన్ వాళ్లకు కంప్యూటరు చెబుతుంది. కార్బ్యురేటర్ బండ్ల వాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు.

మిక్చర్ స్క్రూ చివర తిప్పాలి నాయనా, మొదట కాదు. అందరూ స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని మీదే పడతారు. ముందు ట్యాపెట్ గ్యాపులు. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్లు, చాలా బండ్లకు 0.4 మి.మీ. ఆ తర్వాత టైమింగు. పాయింట్లు సర్దితే టైమింగు మారుతుంది కాబట్టి ఈ వరస తిరగెయ్యకూడదు. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక చోక్ పళ్లెం నిలువుగా పూర్తిగా తెరుచుకుందో లేదో కళ్లతో చూసి, ఎయిర్ ఫిల్టర్ బిగించండి. కేబులు లాగింది చాల్లే అనుకుంటే, పావువంతు మూసి ఉన్న చోక్ సీఓను 4–5 దాకా తీసుకుపోతుంది. ఫ్లోటు గదిలో మట్టం ఎక్కువైనా, నీడిల్ వాల్వ్ కారినా స్క్రూ ఎంత బిగించినా సీఓ దిగదు. స్క్రూకు స్పందన లేదంటే పెట్రోలు వేరే దారిలో వస్తోందన్న మాట. చూశారా, పైన బాబు చెప్పిన ట్రిమ్ కథే ఇది కూడా.

ఇవన్నీ అయ్యాక స్క్రూ మెల్లగా ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి రెండు చుట్లు విప్పండి. ఆగాక ఇంకా బిగిస్తే సూది మొనకు గాడి పడుతుంది, ఆ తర్వాత ఏ సర్దుబాటూ నిలవదు. ఐడిల్ 800–850లో పెట్టి, ఆర్‌పీఎం గరిష్ఠానికి వచ్చేదాకా పావు చుట్టు చొప్పున తిప్పండి. అక్కడి నుంచి లీన్ వైపు 20–30 ఆర్‌పీఎం పడేదాకా. కన్వర్టర్ లేని బండి ఇక్కడ మామూలుగా 1–2% సీఓ దగ్గర ఉంటుంది. ఇంకా లీన్ చేస్తే సీఓ ముచ్చటగా తగ్గుతుంది గానీ మంట అంటుకోక హెచ్‌సీ వెయ్యి దాటుతుంది. కొన్ని కార్బ్యురేటర్లలో ఆ స్క్రూ గాలిది, పెట్రోలుది కాదు. వాటిలో లోపలికి తిప్పితే రిచ్. ముందు మీది ఏదో తెలుసుకుని తిప్పండి.

నల్లపొగ

తాతగారూ, డీజిల్ వాళ్లను మర్చిపోయారు.

కార్బ్యురేటర్_తాత

డీజిల్ నా పేట కాదు. తెలిసినవాళ్లు చెప్పాలి.

స్పానర్_14

డీజిల్‌కు సీఓ, హెచ్‌సీ గొడవ లేదు, పొగ ఎంత వెలుతురును ఆపుతోందో చూస్తారు. ఐడిల్ నుంచి ఒక్కసారిగా గవర్నర్ (గరిష్ఠ ఆర్‌పీఎం దాటనివ్వనిది) కోసేదాకా రేస్ చేస్తారు, అలా కొన్నిసార్లు. అందుకే వెళ్లే ముందు ఆయిల్ మట్టం, టైమింగ్ బెల్టు వయసు చూసుకోండి. గడువు దాటిన బెల్టుతో ఆ రేసు కొట్టడం ప్రమాదం.

నల్ల పొగ అంటే గాలికి మించిన డీజిల్. ముందు ఎయిర్ ఫిల్టర్. తర్వాత టర్బో నుంచి మానిఫోల్డు దాకా గొట్టాలు: క్లిప్పు వదులైన చోట నూనె చెమ్మ మీద దుమ్ము అంటుకుని నల్లటి ఉంగరంలా కనిపిస్తుంది, లీకు అక్కడే. తర్వాత తెరిచి ఉండిపోయిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది). ఆ తర్వాతే ఇంజెక్టర్ నాజిళ్లు. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండి సైలెన్సర్‌లో మసి పేరుకుని, మొదటి రేసులో అదంతా ఒకేసారి బయటికొస్తుంది. కాబట్టి టెస్టుకు ముందు ఒక గేరు తక్కువలో, ఎక్కువ ఆర్‌పీఎం మీద 15–20 నిమిషాలు నడపండి. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది, ఫిల్టర్లు మార్చి ప్రయోజనం లేదు.

గేరు_నాలుగు

ఇంత తిప్పలెందుకు? ట్యాంకులో రెండు లీటర్ల ఆల్కహాల్ పోస్తే సీఓ దిగుతుందంటారు కదా. లేకపోతే బ్యాటరీ తీసి పెడితే ఈసీయూ కొత్తగా మొదలవుతుంది.

లాంబ్డా_ఒకటి

ఆల్కహాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, మిక్చర్‌ను లీన్ చేస్తుంది. కార్బ్యురేటర్‌లో కొంత తేడా వస్తుంది, నిజమే. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండిలో మాత్రం ఈసీయూ అది గమనించి అంత పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మిక్చర్ తిరిగి 1.00కే వస్తుంది. ఈ బండిలో ట్రిమ్ అంచున ఉంది కాబట్టి కాగితం మీద అంకె కాస్త మారొచ్చేమో గానీ, డయాఫ్రం చిరిగి ఉంటే మానిఫోల్డులోకి పెట్రోలు కారుతూనే ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలకూ సీళ్లకూ అంత ఆల్కహాల్ మంచిది కాదు.

మల్టీమీటర్

బ్యాటరీ తియ్యడం ఇంకా పెద్ద పొరపాటు. ఓబీడీ కూడా చూసే టెస్టయితే, బ్యాటరీ తీసినా కోడ్‌లు చెరిపినా రెడీనెస్ మానిటర్లన్నీ (బండి తన భాగాలను తానే పరీక్షించుకుందని చెప్పే గుర్తులు) సున్నాకు పోతాయి. మెషిన్ "పరీక్ష పూర్తి కాలేదు" అని వెనక్కి పంపుతుంది. వాటిని మళ్లీ నింపాలంటే రాత్రంతా చల్లారిన ఇంజిన్‌తో స్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలు ఐడిల్, తర్వాత నిలకడైన వేగంలో 15–20 నిమిషాలు, మధ్యలో బ్రేకు వెయ్యకుండా యాక్సిలరేటర్ వదిలి జారనివ్వడం, కొంత ఊళ్లో ఆగుతూ సాగుతూ నడక. కన్వర్టర్ మానిటర్ చివరకు నిండుతుంది. ట్యాంకు ఆవిరి మానిటర్ ఉన్న బండ్లలో పెట్రోలు మరీ తక్కువున్నా, నిండుగా ఉన్నా అది మొదలవదు. సగం దగ్గర ఉంచండి.

ఇక ఆ 68 డిగ్రీలు. అది థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్). మొదట కూలెంట్ సెన్సర్ అబద్ధం చెప్పడం లేదని తేల్చుకోవాలి: దాని కనెక్టర్ తీసి ఓమ్స్ కొలవండి. ఇలాంటి సెన్సర్లు ఎక్కువగా 20 డిగ్రీల దగ్గర 2–3 కిలోఓమ్‌లు, 80 దగ్గర 300 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తాయి. అది సరైతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి వెయ్యండి. థర్మోస్టాట్ బాగుంటే చాలాసేపు చల్లగా ఉండి, ఒక్కసారిగా కాలుతుంది. మొదటి నిమిషం నుంచే నెమ్మదిగా గోరువెచ్చబడుతుంటే అది మూసుకోవడం లేదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ కొంత పెట్రోలు కలుపుతూనే ఉంటుంది, సిలిండర్ గోడలు చల్లగా ఉండి హెచ్‌సీ కూడా పెరుగుతుంది. 82 అని ముద్ర ఉన్నది వెయ్యండి. "వేడి ప్రాంతం" అని థర్మోస్టాట్ తీసేసి నడిపే బండ్లు ఇదే టెస్టులో ఇలాగే పడతాయి.

నల్లపొగ

ముందు ఆక్సిజన్ సెన్సర్ కూడా మార్చేస్తే మంచిది కదా, ఎలాగూ పాతదే?

లాంబ్డా_ఒకటి

2500లో 0.1, 0.9 మధ్య చురుగ్గా ఊగుతున్నదాన్ని ఎందుకు మార్చాలి? మొద్దుబారిన సెన్సర్ 0.3–0.6 మధ్య బద్ధకంగా కదులుతుంది, లేదా హీటరు తెగిపోయి ఐడిల్‌లో చల్లారి నిద్రపోతుంది. హీటరు రెండు తీగల మధ్య ఓమ్స్ కొలిస్తే కొద్ది ఓమ్‌లే చూపించాలి, అనంతం చూపిస్తే పోయినట్టే. కొత్తది బిగించినప్పుడు మర చుట్టలకు మాత్రమే యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు), మొనకు తాకనివ్వొద్దు.

సెన్సర్ కన్నా ముందు చూడాల్సింది దానికి ఎగువన ఎగ్జాస్ట్ లీకు. మానిఫోల్డు గ్యాస్కెట్ దగ్గర చిన్న సందు ఉంటే పొగ బయటికి రావడమే కాదు, గాలి లోపలికి కూడా లాగుతుంది. సెన్సర్‌కు ఆ ఆక్సిజన్ కనిపించి "లీన్" అంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, ట్రిమ్ ప్లస్‌లో ఉండగానే సీఓ పెరుగుతుంది. పాతచక్రం గారి ట్రిమ్ మైనస్ కాబట్టి ఆ రోగం కాదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతి కొద్ది క్షణాలు నొక్కితే లీకు ఉన్నచోట టిక్ టిక్ మని వినిపిస్తుంది.

పాతచక్రం

పర్జ్ ట్యూబు మూశాక ట్రిమ్ కదల్లేదు. పీసీవీ మూస్తే -10 నుంచి -8, అంతే. రెగ్యులేటర్ ట్యూబు తట్టితే కాగితం మీద రూపాయి బిళ్లంత తడి మచ్చ, పెట్రోలు వాసన. కీ ఆన్ చేసినప్పుడు ముక్కు దగ్గర చుక్క ఊరుతోంది. ట్యూబు మానిఫోల్డులో దూరేది 1వ సిలిండర్‌కు గాలి వెళ్లే గొట్టం మొదట్లోనే. రేడియేటర్ పై గొట్టం మొదటి నుంచీ గోరువెచ్చన.

రెగ్యులేటర్, థర్మోస్టాట్ రెండూ మారుస్తున్నాను. ఇంకేమైనా కలపాలా?

మల్టీమీటర్

ఆయిల్, ఆయిల్ ఫిల్టర్. పీసీవీ మూస్తే రెండు పాయింట్లు కదిలిందంటే కొంత పెట్రోలు ఆయిల్‌లో కలిసింది. మార్చకపోతే ఆ ఆవిరి ఇంకొన్నాళ్లు సీఓ చూపిస్తుంది. 1, 2 ప్లగ్గుల మసి గీకి మళ్లీ వాడొద్దు. నాలుగూ కొత్తవి, గ్యాపు మాన్యువల్ ప్రకారం. ప్లగ్ వైర్లు ఉన్న బండయితే ఒక్కో వైరు ఓమ్స్ కొలవండి, 25 కిలోఓమ్‌లు దాటినది తీసెయ్యండి. ఎయిర్ ఫిల్టర్ వెలుతురుకు పట్టి చూడండి, బాగుంటే అదే చాలు.

ఇక మిస్సింగ్ వెతకడానికి ప్లగ్ వైరు పీకి ఇంజిన్ నడిపే అలవాటు కన్వర్టర్ ఉన్న బండిలో మానెయ్యాలి. ఆ సిలిండర్ పెట్రోలంతా కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి సిరామిక్ ఇటుక కరిగిందంటే అప్పుడు నిజంగానే కన్వర్టర్ కొనాలి.

స్పానర్_14

రెగ్యులేటర్ ఓ-రింగుకు ఒక చుక్క శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాసి, తిప్పుతూ దింపండి. పొడిగా నెడితే రింగు అంచు కోసుకుపోతుంది, పెట్రోలు బయటికి చిమ్ముతుంది. ఆ మానిఫోల్డు చుట్టుపక్కల మామూలు సిలికాన్ గమ్ పూయొద్దు, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను చంపుతుంది. బిగించాక స్టార్ట్ చెయ్యకుండా కీ నాలుగైదుసార్లు ఆన్ చేసి, టార్చి వేసి కీళ్లన్నీ చూడండి. థర్మోస్టాట్‌కు జిగిల్ పిన్ను (గాలి పోవడానికి ఉండే చిన్న పిన్ను) ఉంటే అది పై వైపు రావాలి. గాలి బుడగలు పోయేదాకా హీటరు ఫుల్ వేడిలో పెట్టి కూలెంట్ నింపండి.

మల్టీమీటర్

కోడ్‌లు ఏవీ లేవు కాబట్టి ఏదీ చెరపొద్దు. లాంగ్ ట్రిమ్ -20 నుంచి తనంతట తాను సున్నా వైపు రావాలి. మొదటి కొన్ని కి.మీ. ఐడిల్ తడబడొచ్చు, ఆగిపోవచ్చు కూడా. పెట్రోలు ఇంకా పాత లెక్క ప్రకారమే కోస్తూ ఉంటుంది మరి. 80–100 కి.మీ. కలగలుపుగా నడిపి, ఐడిల్ ట్రిమ్ -5, +5 మధ్యకు వచ్చాకే టెస్టుకు వెళ్లండి.

పాతచక్రం

అన్నీ అయ్యాయి. 120 కి.మీ. తర్వాత ఐడిల్ లాంగ్ ట్రిమ్ -2, కూలెంట్ 86–90 మధ్య. ఈరోజు కాగితం:

ఐడిల్: సీఓ 0.06, హెచ్‌సీ 22, సీఓ2 15.2, ఓ2 0.2, లాంబ్డా 1.007
హై ఐడిల్: సీఓ 0.08, హెచ్‌సీ 18, సీఓ2 15.2, ఓ2 0.1, లాంబ్డా 1.002

పాస్. కన్వర్టర్ పాతదే. లాంబ్డా గారికి పందెం బాకీ.

లాంబ్డా_ఒకటి

బాకీ తాతగారికి కట్టండి, స్పందన లేని స్క్రూ మాట ఆయనదే. ఈ రెండో కాగితం పారెయ్యకుండా బండి పుస్తకంలో పెట్టుకోండి. వచ్చేసారి ఇందులో ఏ అంకె ముందు కదిలిందో చూస్తే వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

కార్బ్యురేటర్_తాత

బాకీ అందినట్టే లెక్క. ఆ పాత రెగ్యులేటర్ పారేశారా? సుత్తితో అంచు తెరిచి డయాఫ్రం ఫొటో ఒకటి పెట్టండి, చిరుగు ఎక్కడ పడిందో చూడాలి.